పేరు వేయలేదు కదా అనుకున్నాం

ఏలూరులో ఒక తెలుగు దినపత్రిక జిల్లా డెస్కులో పనిచేసి రిటైరయ్యాను. మొదట సబ్‌ఎడిటర్‌ని, చివర్లో డెస్క్ ఇన్‌ఛార్జిని. ఏ హోదా ఎప్పుడొచ్చిందో ఎవరికీ అక్కర్లేదు కాబట్టి అది రాయను. ఈమధ్య కొత్తగా డెస్కులో చేరిన ఆడపిల్లలు ఇద్దరు మా ఇంటికొచ్చి, "మేడమ్, ఈ హ్యాకింగులు, వైరస్‌లు మాకే సరిగ్గా అర్థం కావండీ. వీటి మీద వచ్చే వార్తలు ఎలా దిద్దాలండీ?" అని అడిగారు. ఆ రోజు కాఫీ తాగుతూ నోటితో చెప్పింది కొంతే. చెప్పలేకపోయింది ఇక్కడ రాస్తున్నాను.

పేపరంటే రిపోర్టర్లేనని బయటివాళ్ళు అనుకుంటారు. రిపోర్టరు పంపినదాన్ని చదివి, తప్పులు తీసి, ఉన్న చోటుకి సరిపోయేలా కుదించి, హెడ్డింగు పెట్టేది డెస్కు. పాఠకుల్లో చాలామంది చదివేది ఆ హెడ్డింగు, దాని కింద రెండు లైన్లు. నేను సొంతంగా రాసిన వార్తలు తక్కువే. పెట్టిన హెడ్డింగులకు మాత్రం లెక్క లేదు. వాటిలో ఒక్కదాని గురించే ఇదంతా.

తెలియని సంగతి వార్తగా వచ్చినప్పుడు

మా డెస్కులో అందరం ఈ ప్రాంతం వాళ్ళమే. కొల్లేరులో గట్టు తెగిందని వార్త వస్తే ఏ గట్టు, ఎవరి చెరువు, నీళ్ళు ఎటు వెళ్ళాయి, పడవలు తిరుగుతున్నాయా అని వరసగా అడిగేవాళ్ళం. గణపవరం వైపు వరి పడిపోయిందంటే ఏ రకం వరి, కోతకి ఎన్నాళ్ళుంది అని అడిగేవాళ్ళం. మాకు తెలిసిన విషయాలు కాబట్టి రిపోర్టరు తప్పు రాస్తే దొరికిపోయేవాడు.

మా ఎడిషన్ ఇన్‌ఛార్జి మూర్తిగారు ఇలాంటి విషయాల్లో చాలా గట్టి మనిషి. ఒకసారి చేపల చెరువుల వార్తలో విస్తీర్ణం తప్పు పోయిందని నన్ను అందరి ముందూ నిలబెట్టి అడిగారు. "రాజ్యలక్ష్మిగారూ, మీరు కొల్లేరు చూశారా, చూడలేదా?" అన్నారు. ఆ మాటకి వారం రోజులు సరిగ్గా అన్నం తినలేదు నేను.

కంప్యూటర్ల వార్తల దగ్గరికి వచ్చేసరికి ఆయనా మారిపోయేవారు, మేమూ మారిపోయేవాళ్ళం. ఏం అడగాలో తెలియదు. అడిగితే మనకు తెలియదని బయటపడుతుంది. అందుకని ఎవరూ అడగరు. రిపోర్టరు ఏది పంపితే అది వేసేయడం, పక్కన టోపీ ఉన్న నల్ల చొక్కా వేసుకుని ముఖం కనపడకుండా కూర్చున్న మనిషి బొమ్మ ఒకటి పెట్టడం. ఆ బొమ్మ ఎన్నిసార్లు వాడామో. తెలిసిన విషయంలో వంద ప్రశ్నలు వేసి, తెలియని విషయంలో ఒక్కటీ వేయకుండా వదిలేసేవాళ్ళం. ఉండాల్సింది దానికి తలకిందులుగా.

సోమవారం వార్త

తాడేపల్లిగూడెంలో ఒక ప్రైవేటు ఆసుపత్రి. పేరు అక్కర్లేదు. ఒక సోమవారం ఉదయం అక్కడ కంప్యూటర్లు ఏవీ తెరుచుకోలేదు. తెరల మీద ఇంగ్లీషులో ఒక హెచ్చరిక వచ్చింది. ఫైళ్ళన్నీ తాళం వేశామని, డబ్బు పంపితేనే తీస్తామని దాని సారాంశం. రోగుల పాత రిపోర్టులు కనపడటం లేదు, బిల్లులు రావడం లేదు. కౌంటర్ దగ్గర జనం పేరుకుపోయారు.

గూడెంలో మా కంట్రిబ్యూటర్ జోసెఫ్. ఇరవయ్యేళ్ళుగా మాకు వార్తలు పంపుతున్న మనిషి, మంచివాడు. ఆసుపత్రి మేనేజరు ఆయనకు బాగా తెలుసు. సాయంత్రం ఐదింటికి ఐటమ్ పంపి ఫోన్ చేశాడు.

"మేడమ్, పెద్ద వార్తండీ. లోపలివాళ్ళ పనేనని మేనేజర్ గారి అనుమానం. కంప్యూటర్ ఆపరేటర్ ఒకమ్మాయి ఉందండీ, పాస్‌వర్డులన్నీ ఆవిడ దగ్గరే ఉంటాయంట. శుక్రవారం మేనేజర్ గారితో గొడవ పడిందంట. పోలీసులకి కూడా చెప్పారండీ."

"కేసు పెట్టారా?"

"పెడతారండీ. రేపు పిలుస్తారంట ఆ అమ్మాయిని."

"పేరు వేయొద్దు జోసెఫ్. కేసు లేకుండా పేరు వేయకూడదు," అన్నాను. చాలా బాధ్యతగా మాట్లాడానని ఆ క్షణంలో నాకు అనిపించింది కూడా. ఆ అమ్మాయితో మాట్లాడావా అని మాత్రం నేను అడగలేదు. గొడవ దేని గురించని అడగలేదు. ఆసుపత్రిలో ఏవి పనిచేస్తున్నాయి, ఏవి ఆగిపోయాయి అని అడగలేదు. కొల్లేరు గట్టయితే మూడూ అడిగేదాన్ని.

ఐటమ్‌లో సరుకు తక్కువ, భయం ఎక్కువ. మూర్తిగారు చదివి, "ఇది జిల్లా మొదటి పేజీలో పైన పెట్టండమ్మా. జనం చదువుతారు," అన్నారు. నేను హెడ్డింగు పెట్టాను: హ్యాకర్ల గుప్పిట్లో ఆసుపత్రి. దాని కింద చిన్న అక్షరాల్లో: ఇంటిదొంగ పనేనా? వార్త లోపల, పాస్‌వర్డులు తెలిసిన ఒక మహిళా ఆపరేటర్‌పై యాజమాన్యం అనుమానం వ్యక్తం చేస్తోందని రాశాం. పక్కన నల్ల టోపీ బొమ్మ.

ప్రశ్న గుర్తు పెట్టాం కదా, తేల్చి చెప్పలేదు కదా అనుకున్నాం. పేరు వేయలేదు కదా అనుకున్నాం.

ఫోను

మంగళవారం ఏదో మీటింగు ఉందని పొద్దున్న పదింటికే ఆఫీసుకి వెళ్ళాను. డెస్కులో ఇంకెవరూ లేరు. ఫోను మోగింది.

"ఏవండీ, పేపరాఫీసేనాండీ?"

"అవునండీ, చెప్పండి."

"గణపవరం నుంచండీ. మా ఆయనకి ఈరోజు మధ్యాహ్నం డయాలసిస్ ఉందండీ, గూడెంలో. మీ పేపర్లో వేశారు కదండీ, ఆ ఆసుపత్రి హ్యాకర్ల చేతిలోకి వెళ్ళిపోయిందని. మరి ఆ మిషన్లు కూడా వాళ్ళ చేతుల్లోనే ఉన్నాయాండీ? ఆయన్ని వాటి మీద పడుకోబెట్టొచ్చాండీ?"

నాకు తెలియదు. తెలియదని చెప్పాలి, లేదా రెండు నిమిషాలు ఆగమని జోసెఫ్‌కి ఫోన్ చేసి కనుక్కోవాలి. ఆ రెండూ చేయలేదు.

"మాకు తెలిసిందంతా పేపర్లో వేశామండీ. మిగతాది ఆసుపత్రి వాళ్ళనే అడగాలండీ," అన్నాను.

"చేస్తున్నానండీ, ఎత్తడం లేదండీ ఎవరూ."

"మళ్ళీ చేసి చూడండి."

"సరేనండీ. ఉంటానండీ," అని ఆవిడ పెట్టేశారు. ఎంత మర్యాదగా పెట్టేశారో! నేను మీటింగుకి వెళ్ళిపోయాను.

గురువారం మధ్యాహ్నం జోసెఫ్ ఫోన్ చేశాడు. గొంతులో హుషారుంది.

"మేడమ్, మన వార్తకి ఫాలో అప్ దొరికిందండీ. గణపవరం రైతు ఒకాయన, వెంకట్రాజు గారని, హ్యాకింగ్ భయంతో డయాలసిస్‌కి రాలేదండీ. ఒళ్ళంతా నీరు పట్టేసి ఊపిరాడక ఈ తెల్లవారుజామున ఏలూరు తీసుకొచ్చారు. ఐసీయూలో ఉన్నారు. హ్యాకింగ్ దెబ్బకి రోగి ప్రాణం మీదికి అని పెట్టొచ్చండీ."

"మిషన్లు పనిచేయడం లేదా జోసెఫ్?"

"మిషన్లకేమండీ, భేషుగ్గా ఉన్నాయి. వాటికీ ఆ కంప్యూటర్లకీ సంబంధం లేదండీ. సోమవారం కూడా ఆగలేదు."

మంగళవారం నాకు ఫోన్ చేసినావిడ కూడా గణపవరమే. మూర్తిగారికి అప్పటికే ఆ సంగతి చేరింది. నా టేబుల్ దగ్గరికి వచ్చి, "మంచి హ్యూమన్ స్టోరీ అమ్మా ఇది," అన్నారు.

"ఆయన్ని ఆపింది హ్యాకర్లు కాదండీ. మనమే," అన్నాను.

ఆయన తన గదిలోకి వెళ్ళిపోయారు. ఆ ఫాలో అప్ వేయలేదు. వేయకపోవడం గొప్ప పనేమీ కాదు. నిజం తెలిశాక కూడా ఆ రోజు మేం ఏమీ వేయలేదు, డయాలసిస్ మిషన్లు బాగున్నాయన్న ఒక్క లైను కూడా. మిగతా రోగులు ఎవరెవరు మానేశారో ఈరోజుకీ నాకు తెలియదు.

ఎవరూ అడగలేదు

పది రోజుల తర్వాత సైబర్ కేసులు చూసే ఎస్‌ఐకి నేనే ఫోన్ చేశాను. డెస్కువాళ్ళు అలా చేయడం అలవాటు లేదు. ఆయన కూడా ఆశ్చర్యపోయారు.

"ఆ అమ్మాయికి ఏ సంబంధం లేదు మేడమ్. మందుల బిల్లు పేరుతో ఒక మెయిల్ వచ్చింది. దాంతో వచ్చిన ఫైలుని మేనేజరు గారి కంప్యూటర్లో తెరిచారు. అది లోపల మూడు వారాలు చప్పుడు చేయకుండా కూర్చుంది. తర్వాత ఒకేసారి అన్నిటికీ పాకింది. పంపినవాళ్ళు ఏ దేశంలో ఉన్నారో కూడా చెప్పలేం."

"ఆ సంగతి మీకెప్పుడు తెలిసిందండీ?"

"నాలుగో రోజునే తెలిసింది. పేపరువాళ్ళు ఎవరూ అడగలేదు."

మూర్తిగారికి చెప్పాను. "ఆసుపత్రి వాళ్ళు ఒప్పుకోలేదు కదమ్మా. మనం పేరు వేయలేదు, ప్రశ్న గుర్తు పెట్టాం," అన్నారు. నేను అనుకున్న మాటలే ఆయన నోటి నుంచి వింటుంటే అవి ఎలాంటివో తెలిసింది. ఎక్కువ బతిమాలితే ఆరో పేజీలో అడుగున మూడు లైన్ల సవరణ వేయించారు. అది ఎవరి గురించో, ఏ వార్త గురించో చదివినవాళ్ళకి అర్థమయ్యే అవకాశం లేదు.

ఆ ఆదివారం పాసింజరు ఎక్కి గూడెం వెళ్ళాను.

కరుణ

ఆ ఆపరేటర్ పేరు కరుణ. ఇది అసలు పేరు కాదు, ఈసారి కూడా పేరు వేయడం లేదు. ఇరవయ్యారేళ్ళుంటాయి. తండ్రి దేవదానం మాస్టారు మిషన్ స్కూల్లో పాఠాలు చెప్పి రిటైరయ్యారు. చిన్న డాబా ఇల్లు. చర్చి నుంచి అప్పుడే వచ్చినట్టున్నారు, మాస్టారు ఇంకా తెల్ల చొక్కాలో ఉన్నారు. నేను ఎవరో చెప్పగానే కుర్చీ చూపించారు. తను నిలబడే ఉన్నారు.

"మా బడిలో ప్రార్థన అయ్యాక పిల్లల చేత మీ పేపరే చదివించేవాణ్ణమ్మా. ముప్ఫయ్యేళ్ళు. తెలుగు బాగుంటుందని," అన్నారు. "మొన్నటి నుంచి మానేశాను. తెలుగు బాగానే ఉందిలెండి."

కరుణ లోపలి నుంచి వచ్చి గుమ్మం దగ్గర నిలబడింది.

"ఆ హెడ్డింగు మీరు పెట్టారాండీ?"

"నేనేనమ్మా."

"జోసెఫ్ గారనుకున్నానండీ ఇన్నాళ్ళూ. ఆయన్నే తిట్టుకున్నాను."

"మేం నీ పేరు..." అని మొదలుపెట్టి ఆగిపోయాను. ఆమే పూర్తి చేసింది.

"పేరు వేయలేదంటారు. ఆ ఆసుపత్రిలో ఆడ ఆపరేటర్ని నేనొక్కదాన్నేనండీ. మా వీధిలో అందరికీ తెలుసు, మా చర్చిలో అందరికీ తెలుసు. ఇవాళ ఆరాధనకి వెళ్తే నా పక్కన చాప ఖాళీగానే ఉంది. ఎవరూ ఏమీ అనరండీ. ఎవరూ కూర్చోరు, అంతే."

శుక్రవారం గొడవ దేని గురించి అని అడిగాను. ఆ ప్రశ్న అడగడానికి నాకు రెండు వారాలు పట్టింది.

"రోగుల ఫైళ్ళకి కాపీ తీసి వేరే చోట పెట్టాలని మూడుసార్లు రాసిచ్చానండీ. అన్నీ ఒకే చోట ఉంటే ఏదైనా జరిగితే మొత్తం పోతాయని. నాలుగోసారి అడిగితే మేనేజర్ గారికి కోపమొచ్చింది. అదేనండీ గొడవ."

తర్వాత ఆమె చెప్పిన మాటలు నేను ఎప్పుడు తలుచుకున్నా ఆమె గొంతుతోనే వినిపిస్తాయి.

"డయాలసిస్ వాళ్ళ పేర్లు, ఫోన్లు, టైములు నా నోటుబుక్కులో చేత్తో రాసుకునేదాన్నండీ. వాళ్ళకి ఒక్క పూట తప్పినా కష్టం కదండీ. సోమవారం కంప్యూటర్లు పోగానే ఆ బుక్కు తీసి నా ఫోన్‌లోంచి వరసగా చేశాను. మిషన్లకేం కాలేదు, మామూలుగా వచ్చేయండి అని. ఆ రోజు వాళ్ళకి, మంగళవారం పొద్దున్న వాళ్ళకి అయ్యాయి. మధ్యాహ్నం వాళ్ళకి మర్నాడు రాగానే చేద్దామనుకున్నాను. మర్నాడు పేపరొచ్చిందండీ. గేటు దగ్గరే ఆపేశారు. నోటుబుక్కు తీసేసుకున్నారు. పదింటికి పోలీసులు పిలిచారు."

"గణపవరం వెంకట్రాజు గారు..."

"మధ్యాహ్నం వాళ్ళలో మొదటి పేరండీ."

మాస్టారు అప్పుడు కుర్చీలో కూర్చున్నారు. నేను క్షమించమని అడిగాను.

"నాకోసం ఏం రాయొద్దండీ," అంది కరుణ. "అసలు ఏం జరిగిందో రాయండి. ఆ మెయిల్ ఎలా వచ్చిందో, కాపీ ఎందుకు పెట్టుకోవాలో. ఈ చుట్టుపక్కల ఎన్ని ఆసుపత్రులున్నాయండీ! మీరు రాసిన దాంట్లో ఒక్కరికైనా పనికొచ్చే ముక్క లేదు. భయపెట్టి వదిలేశారు."

నా ఉద్యోగంలో నాకు ఎన్నో విమర్శలు వచ్చాయి. ఇంత సరైనది ఇంకొకటి రాలేదు.

అదే పేజీ, అదే చోటు

తిరుగు ప్రయాణంలోనే రాయడం మొదలుపెట్టాను. మెయిల్ ఎలా వచ్చింది, అది ఏం చేసింది, కాపీలు ఎక్కడ పెట్టుకోవాలి, డయాలసిస్ లాంటివి ఆగలేదన్న సంగతి, ఆపరేటర్‌కి సంబంధం లేదని పోలీసులు చెప్పిన సంగతి. చివర్లో ఒక పేరా: మా మొదటి వార్త తప్పు, హెడ్డింగు ఇంకా తప్పు, దానివల్ల ఒక ఉద్యోగిని మీద నింద పడింది, ఒక రోగి చికిత్సకి వెళ్ళలేదు.

మూర్తిగారు చదివి కళ్ళద్దాలు తీశారు.

"చివరి పేరా తీసేయండి. మిగతాది లోపలి పేజీలో వేద్దాం."

"మొదటిది ఎక్కడ వేశామో అక్కడే వేయాలండీ. పేరా ఉండాలి."

"ఇలా ఒప్పుకోవడం మొదలుపెడితే రేపటి నుంచి ప్రతివాడూ వచ్చి కూర్చుంటాడమ్మా."

"చెరువు విస్తీర్ణం తప్పు పోతే మీరు నన్ను అందరి ముందూ నిలబెట్టారండీ. అక్కడ ఎవరికీ ఏమీ కాలేదు. ఇక్కడ ఒకాయన ఐసీయూలో పడుకున్నారు."

"కేసు వేస్తే?" అని అడిగారు ఆయన.

"హెడ్డింగు నేను పెట్టానని చెప్పండి."

"అది నేను చెప్పను. పేజీ మీద సంతకం నాది," అన్నారు. మూడు రోజులు తన దగ్గరే ఉంచుకుని, రెండు మాటలు మార్చి, జిల్లా మొదటి పేజీలో పైనే వేయించారు. హెడ్ ఆఫీసు నుంచి ఆయనకి గట్టిగానే పడింది. మూర్తిగారి మీద నాకు చాలా ఫిర్యాదులున్నాయి. ఈ ఒక్క విషయంలో మాత్రం ఆయన్ని తక్కువ చేసి మాట్లాడితే ఊరుకోను.

ఆసుపత్రి వాళ్ళు కరుణని మళ్ళీ రమ్మన్నారు. ఆమె వెళ్ళలేదు.

ఆ రాతలో నేను రాయని సంగతి ఒకటుంది. ఆ మంగళవారం ఫోను ఎత్తింది నేనని. ఎవరికీ చెప్పలేదు, మూర్తిగారికి కూడా.

గణపవరంలో

వెంకట్రాజుగారు ఐసీయూ నుంచి ఇంటికొచ్చారు. మళ్ళీ గూడెం వెళ్ళి డయాలసిస్ చేయించుకున్నారు. కానీ అంతకు ముందులా పొలం గట్టు దాకా నడవలేకపోయారని విన్నాను. ఎనిమిది నెలలకి పోయారు. ఆ ఒక్క పూట తప్పడం వల్లే అని చెప్పలేమని డాక్టరు అన్నారట. కాదని కూడా చెప్పలేదట.

కర్మకాండలన్నీ అయ్యాక నేను గణపవరం వెళ్ళాను. ఆయన భార్య సీతామహాలక్ష్మిగారు అరుగు మీద కూర్చుని ఉన్నారు. ఏలూరు నుంచి వచ్చానని, పేపర్లో పనిచేస్తానని చెప్పాను. మంచినీళ్ళు ఇచ్చారు. గ్లాసు కింద పెట్టి చెప్పేశాను.

"ఆ రోజు మీరు ఫోన్ చేస్తే ఎత్తింది నేనండీ."

ఆవిడ నా ముఖం చూడలేదు. ఎదురుగా వరి చేల మీద పురుగుమందు కొడుతున్న మనిషి వంక చూస్తూ ఉండిపోయారు.

"మీరు మాకు తెలీదండీ అనుంటే వెళ్ళేవాళ్ళమండీ," అన్నారు. "వెళ్ళి చూద్దాం అన్నారండీ ఆయన. పేపరువాళ్ళు అదే ఖాయమన్నట్టు చెప్పారండీ, వద్దులెండి అని నేనే ఆపాను."

అంతవరకూ నేను మోస్తున్నది నా ఒక్కదాని బరువే అనుకున్నాను. ఆవిడ ఎనిమిది నెలలుగా అంతకంటే పెద్దది మోస్తున్నారు. "మీ తప్పు లేదండీ, అది నాది," అని ఎన్నిసార్లు చెప్పానో. తలూపారు. నమ్మారో లేదో తెలియదు. భోజనం చేసి వెళ్ళమన్నారు. కూర్చోలేకపోయాను.

కొత్తగా వచ్చే పిల్లలకి నేను చెప్పగలిగిన మొదటి మాట ఇది. "మాకు తెలియదండీ" అన్న మాట ఫోనులో చెప్పడం నేర్చుకోండి. పేజీలో కూడా వేయడం నేర్చుకోండి. ఏవి ఆగిపోయాయో, ఏవి ఆగలేదో, ఏవి ఇంకా తెలియవో రాసిన వార్త చూడటానికి చప్పగా ఉంటుంది. పక్క పేపరు బ్యానర్ ముందు చిన్నబోతుంది. అయినా అలాగే వేయండి. కంప్యూటర్ మీద దాడి చేసినవాడికి కావలసింది భయమే. వాడు వేరే మనిషిని పెట్టుకోనక్కర్లేకుండా, దాన్ని ఊరూరా పంచిపెట్టే పని మనం చేసి పెడుతున్నాం.

కొల్లేటికోట ఫైలు

రిటైరవడానికి ముందు ఏడాది జరిగింది ఇది. చేపల చెరువుల వాళ్ళ వాట్సాప్ గ్రూపుల్లో ఒక ఫైలు తిరిగింది. ప్రభుత్వ సాయం అందే వాళ్ళ జాబితా అని పేరు. తెరిస్తే ఫోన్లో ఏదో ఎక్కుతుంది, అక్కడి నుంచి బ్యాంకు మెసేజులు వేరేవాళ్ళకి వెళ్ళిపోతాయి. కొల్లేటికోటలో నలుగురైదుగురు నష్టపోయారు. మా రిపోర్టరు ఫైలు బొమ్మ, దాని పేరు, అది ఎలా పనిచేస్తుందో మెట్టు మెట్టుగా, మొదట నష్టపోయిన చేపల వ్యాపారి ఫొటో అన్నీ పంపాడు.

నేను పేజీ ఆపి కరుణకి ఫోన్ చేశాను. అప్పటికి ఆమె పెదవేగి దగ్గర ఒక కాలేజీలో కంప్యూటర్ ల్యాబు చూస్తోంది. నంబరు మాస్టారు ఇచ్చారు. ఇలా ఒక వార్త వచ్చింది, తప్పులుంటే చెబుతావా అని అడిగాను.

"చదవండి," అంది.

మొత్తం చదివాను. మధ్యలో ఆపలేదు. అయ్యాక వరసగా చెప్పింది.

"ఫైలు పేరు వేయకండి. రేపు వాడు పేరు మారుస్తాడు. పేపర్లో చెప్పిన పేరు కాదు కదా అని జనం నొక్కేస్తారు. గ్రూపులో తెలిసినవాళ్ళు పంపినా సరే, యాప్ ఎక్కించమని అడిగే ఫైలు ఏదీ తెరవొద్దని వేయండి. వాడు ఎలా తయారు చేశాడన్నది తీసేయండి, అది ఇంకొకడికి పాఠం. ఎక్కించేసినవాళ్ళు ముందు నెట్ ఆపేయాలి, వేరే ఫోన్లోంచి బ్యాంకుకి చెప్పాలి. అది పైన పెట్టండి, అడుగున పెడితే ఎవరూ చదవరు."

రాసుకున్నాను.

"ఆ వ్యాపారి గారి ఫొటో ఆయన వేయమన్నారా?"

"అడగలేదంట."

"తీసేయండి. అత్యాశకి పోయి మోసపోయాడని రాశారు, అది కూడా తీసేయండి. ఆయన్ని అలా రాస్తే, రేపు మోసపోయినవాళ్ళు సిగ్గుపడి ఎవరికీ చెప్పరు. చెప్పకపోతే అది ఇంకో పదిమందికి పాకుతుంది."

అన్నీ ఆమె చెప్పినట్టే మార్చాం. ఫొటో లేదు, నల్ల టోపీ బొమ్మ లేదు. రెండు కాలమ్‌ల చిన్న వార్త. మర్నాడు పక్క పేపర్లో అదే వార్త సగం పేజీ వచ్చింది, ఆ వ్యాపారి ఫొటోతో సహా. మా రిపోర్టరు నాతో వారం మాట్లాడలేదు. నాలుగో రోజు కొల్లేటికోట నుంచి ఇద్దరు ఆడవాళ్ళు ఆఫీసుకి ఫోన్ చేసి, తాము కూడా ఆ ఫైలు తెరిచామని, ఇన్నాళ్ళూ ఇంట్లో చెప్పుకోలేకపోయామని, ఇప్పుడేం చేయాలని అడిగారు. ఆ ఫోన్లు మాకే వచ్చాయి.

అప్పటి నుంచి నేను రిటైరయ్యేదాకా కంప్యూటర్లకి సంబంధించిన వార్త ఏదొచ్చినా కరుణకి చదివి వినిపించేదాన్ని. ఇప్పుడు నా కుర్చీలో ఉన్న అమ్మాయి వినిపిస్తోంది. కరుణ ఎప్పుడూ తప్పులు చెబుతుంది, సరైన మాట చెబుతుంది, ఇంకేమైనా ఉందాండీ అని అడుగుతుంది. నేను ఎలా ఉన్నానని ఒక్కసారి కూడా అడగలేదు. ఆమె ఎలా ఉందో అడిగితే, బాగానే ఉన్నానండీ అని పెట్టేస్తుంది. నన్ను క్షమించిందని నేను అనుకోవడం లేదు. క్లాసు మధ్యలో ఉన్నా సరే, మా ఆఫీసు నంబరు చూస్తే మాత్రం బయటికి వచ్చి ఫోను ఎత్తుతుంది.